ఇవాళ ఎన్ని అక్కా

పోయిన గురువారం నాటకంలో చిన్నకోడలు జడలో మల్లెపూలు ఎడమపక్కకు వేలాడుతుండగా మేడమెట్లు ఎక్కింది. పైన గది తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి పూలు కుడిపక్క ఉన్నాయి. ఆ మెట్లు పధ్నాలుగు, ఎప్పుడో లెక్కపెట్టాను. నోటుపుస్తకంలో తేదీ, ఎపిసోడ్ నంబరు వేసి ఎదురుగా '1' అని రాశాను. ఎనిమిదీ ఐదు కాగానే ఫోన్ వైపు చూశాను.

అది మోగదని నాకు తెలుసు. మోగించే మనిషి పోయి ఆ రోజుకు రెండు వందల పంతొమ్మిది రోజులు. అయినా కన్ను అటే పోయింది.

తమిళనాడులోని మా రాజపాళయంలో టీవీ సీరియల్‌ను నాటకం అనే అంటాము. ఆ నాటకానికి ఆమె కంటిన్యుటీ చూసేది. కథను వరసగా తీయరు. హాలులో జరిగేవన్నీ ఒకరోజు, వంటింట్లో జరిగేవన్నీ ఇంకోరోజు తీస్తారు. సోమవారం హాలులోంచి లేచి వెళ్లిన మనిషి వంటింట్లో అడుగుపెట్టేది శుక్రవారం. చూసేవాళ్లకు అది ఒక్క క్షణం. మధ్యలో పోయిన ఆ నాలుగు రోజుల్లో గాజులు, పూలు, బొట్టు, కొంగు మడత, చేతిలోని టంబ్లర్, అందులో మేము కాపీ అనే కాఫీ మట్టం ఏదీ మారకుండా చూసుకోవడం ఆమె ఉద్యోగం. ఆమె బాగా చేసిన రోజున అలాంటి ఉద్యోగం ఒకటి ఉందనే ఎవరికీ తట్టదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. మా మిల్లులో ఆమె ఒక టోకెన్ నంబరు. మద్రాసులో అందరికీ 'కంటిన్యుటీ'. ఫోన్ ఎత్తితే తనే "కంటిన్యుటీ మాట్లాడతా ఉండాను" అనేది. నాకు ఆమె 'ఏమే'. ఆమెకు నేను 'అక్కా'. ముప్పై ఆరేళ్లు దానితోనే సరిపోయింది.

నేను స్పిన్నింగ్ మిల్లులో టెస్టింగ్ ల్యాబు చూసేదాన్ని. ఆమె పంతొమ్మిదేళ్ల వయసులో చోళపురం నుంచి బస్సులో వచ్చి నా కింద చేరింది. మొదటిరోజే నల్లపలక చేతికిచ్చాను. ఆ పలకకు నూలును వరసగా చుట్టి కిటికీ వెలుతురులో పట్టుకుంటే నూలులోని చిన్న ముడులు తెల్లటి చుక్కల్లా బయటపడతాయి. వాటిని లెక్కపెట్టి రాయాలి. ఆమె ఒక కన్ను మూసుకుని పలకను ముక్కు దాకా తెచ్చుకుని, చాలాసేపు చూసి, పదకొండు అన్నది. నేను చూసి పధ్నాలుగు అన్నాను.

"ఇంకా మూడు ఎక్కడ పోయినాయి అక్కా?"

"అవి ఎక్కడికీ పోలేదు. నువ్వే పోయినావు, గడియారం చూసేదానికి."

ఆమె నవ్వింది. మొదటిరోజు నా దగ్గర నవ్విన పిల్లలు తక్కువ. మర్నాటి నుంచి షిఫ్టు ముగిసే సంగు, అదే సైరను, కూసే ముందు టిఫిన్ క్యారియర్ చంకన పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, "ఇవాళ ఎన్ని అక్కా?" అనేది. తను విడిచిపెట్టినవి ఎన్ని అని అర్థం. నేను అంకె చెప్పేదాన్ని. నెలలు గడిచేకొద్దీ అంకె తగ్గింది. మూడు, రెండు, ఒకటి. ఒకటి దగ్గర ఆగింది. ఆరేళ్లలో సున్నా రాలేదు.

"సున్నా అని మీ నోట ఎప్పుడు వస్తాది?"

"వచ్చినాక నిన్ను నేనెందుకు చూస్తాను? నీ దారిన నువ్వు పోవచ్చు."

ఆ మాట తమాషాకే అన్నాను. అన్నది ల్యాబు కిటికీ పక్కన నిలబడి అని కూడా జ్ఞాపకం ఉంది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరింటికి వెళ్లినా తిరిగి వచ్చేటప్పుడు గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఇల్లంతా ఒకసారి చూసేది. మా ఇంటికి నాలుగు నెలల తర్వాత వచ్చినా సరే, చెప్పులు విడుస్తూనే, "ఉప్పుజాడి కిటికీ దగ్గర ఉండె కదా అక్కా, ఎవరు మార్చినారు?" అని అడిగేది. నేనుండేది మా తమ్ముడి కుటుంబంతోనే, అతని భార్యకు ఇది నచ్చేది కాదు. "ఆ పిల్ల వస్తే మా ఇంటికి పోలీసు వచ్చినట్టు ఉంటాది" అనేది. ఆ పిల్ల పెన్ను ఎప్పుడూ జుట్టుముడిలో దోపుకుని ఉండేది. ఇంట్లోకి రాగానే నిలబడి ఒక చెంబు నీళ్లు గటగటా తాగేసి, ఆ తర్వాతే కూర్చునేది. బస్సు ప్రయాణం వల్ల అనుకునేదాన్ని.

పెళ్లయి మద్రాసు పోయింది. భర్త షూటింగులకు వ్యాను తోలేవాడు. ఒకరోజు సెట్టులో హీరోయిన్ కొంగు పిన్ను మగవాడు సర్దబోతే ఆ అమ్మాయి ఒప్పుకోలేదట. దానికి ఆడమనిషి కావాలన్నారు. వ్యానులో కూర్చుని ఉన్న ఈమెను పిలిచారు. ఈమె పిన్ను సర్ది, "పోయిన షాట్లో గాజులు ఆరు ఉండె, ఇప్పుడు ఐదు ఉండాయి" అన్నదట. అక్కడే ఉద్యోగం దొరికింది. ఫోన్లో ఆ సంగతి చెప్పి, "ఆ గాజు మీ నల్లపలకే అక్కా చూపించింది" అన్నది. నేను, "సరిగ్గా చూసినావా, ఐదేనా?" అని అడిగాను. సంతోషం వస్తే నాకు అట్లాంటి మాటలే వస్తాయి.

ఈ నాటకం మొదలైన రోజు ఆమె ఫోన్ చేసింది. అప్పటికి నేను రిటైరయి పదేళ్లు దాటింది, భర్త పోయి ఆమెకు మూడేళ్లు. అంతకుముందు రెండు మూడు నాటకాలు చేసింది గాని, పూర్తిగా తన చేతి కిందకు వచ్చింది ఇదే మొదలు.

"అక్కా, రోజూ చూడండి. తప్పులు రాయండి. ఎనిమిదీ ఐదుకు నేను అడుగుతాను. ఈసారి నూలు ముడి అని పత్తి మీద నేరం వేసేదానికి లేదు, తప్పయితే నాదే. ఒకరోజు మీ నోట సున్నా చెప్పిస్తాను."

"చెప్పించు, చూస్తాను."

అట్లా మొదలైంది. ఏడున్నరకు నాటకం, ఎనిమిదికి అయిపోతుంది, ఎనిమిదీ ఐదుకు ఫోన్. సోమవారం నుంచి శనివారం దాకా, వారానికి ఆరు రోజులు. మా తమ్ముడి భార్యకు మంచి కాలక్షేపం దొరికింది. "ఆ కోడలు అంతగా ఏడుస్తా ఉండాది, మీరు ఆమె గాజులు లెక్కపెడతా ఉండారే వదినా" అనేది. "ఏడ్చేదానికి నువ్వు ఉండావు కదా" అనేదాన్ని.

మొదట్లో ఐదు, ఆరు తప్పులు వచ్చేవి. ఒక్కొక్కదాని మీద వాదం. "అది తప్పు కాదక్కా, ఆమె కొంగు దులుపుకున్నాది, అందుకే మడత పోయింది." "దులుపుకున్నట్టు నువ్వు చూపించలేదు, నాకెట్ల తెలుస్తాది?" తప్పులు అయ్యాక ఊరి సంగతులు. కొండ మీద వాన పడిందా, తళవాయిపురం బస్సు ఇప్పటికీ కిక్కిరిసి వస్తోందా, మిల్లు సంగు వినిపిస్తోందా. నేను మాట్లాడిన నిమిషాలు కూడా తప్పుల పక్కన రాసేదాన్ని. ఐదు తప్పులున్న రోజు ఇరవై రెండు నిమిషాలు, మూడున్న రోజు పదిహేను, ఒకటే ఉంటే ఆరో ఏడో. తప్పు తగ్గేకొద్దీ ఫోన్ తగ్గుతోందని పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది.

ఒకసారి కంటి ఆపరేషనుకు మద్రాసు వెళ్లినప్పుడు నన్ను సెట్టుకు తీసుకుపోయింది. ఊరికి దూరంగా ఒక బంగళా. మగవాళ్లు నలభై ఒక్కరు, తెర వెనక పనిచేసే ఆడవాళ్లు నలుగురు. జుట్టు దువ్వే ఆమె, బట్టలు చూసే ఆమె, వంటపాత్రలు కడిగే ఆమె, ఈమె. నలుగురూ వెనక మెట్ల మీద కూర్చుని ఒకే క్యారియర్‌లోంచి తిన్నారు. నాకూ పెట్టారు. తినడం అయ్యాక ఎవరూ నీళ్లు తాగలేదు.

"నీళ్లు తాగవా?"

"ఇక్కడ తాగితే పోయేదానికి చోటు లేదక్కా. ఉండే బాత్రూము ఒకటి, అది హీరోయిన్ది. మగవాళ్లకు చెట్లు ఉండాయి. నేను సాయంత్రం ఇంటికి పోయి తాగుతాను."

"ఇన్నేళ్లూనా?"

"అలవాటైపోయినాది."

ఇంతలో ఎవరో పిలిచారు. ఆమె లేచి వెళ్లి, బల్ల మీద అత్తగారి గ్లాసులో నీళ్ల మట్టం దగ్గర వేలిగోరు ఆనించి చూసి, చెంచాతో రెండు చుక్కలు తీసేసి, ఇంకా ఒక చుక్క తీసి, వెనక్కి వచ్చి నిలబడింది. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. నేను అప్పుడు ఏదో అనవలసింది. అనకుండా గోడ మీది గడియారం చూపించి, "ఆ ముల్లు పొద్దుటి షాట్లో తొమ్మిది మీద ఉండె" అన్నాను. ఆమె పరుగెత్తి వెళ్లి ముల్లు తిప్పి వచ్చింది. అందరి ముందూ, "మా అక్క కన్ను ఆపరేషన్ ముందే ఇట్ల, చేసినాక మనమంతా ఇంటికి పోవల్సిందే" అన్నది. నేను గర్వపడ్డాను. అన్నీ లెక్కపెట్టే నేను ఆమె రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతుందో ఒక్కసారి లెక్కపెట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఒక శుక్రవారం, అయిప్పసి అనే తమిళ నెల వానల్లో, నాటకం చూశాను. పేర్లు పడేదాకా చూశాను. పుస్తకంలో ఎపిసోడ్ నంబరు ఎదురుగా ఏమీ లేదు. ఇరవై రెండు నిమిషాల కథలో ఒక్క తప్పు కూడా లేదు. మా తమ్ముడి కుటుంబం తళవాయిపురం పెళ్లికి పోయింది. ఇంట్లో నేను, వాన చప్పుడు. ఎనిమిదీ ఐదుకు ఫోన్ మోగింది.

"ఇవాళ ఎన్ని అక్కా?"

ఆ గొంతులోనే ఆమెకు తెలుసునని తెలిసిపోయింది. రోజంతా దాచుకున్న సంతోషం అందులో ఉంది. నేను సున్నా అనాలి. అంటే ఆమె కేక వేస్తుంది, నవ్వుతుంది, అంతటితో అయిపోతుంది. ల్యాబులో నేనే చెప్పాను కదా, సున్నా వచ్చాక నీ దారిన నువ్వు పోవచ్చునని.

"ఒకటి" అన్నాను.

"ఏది?"

"టంబ్లర్. హాలులో కాపీ సగం ఉండె. వంటింట్లోకి వచ్చేసరికి తగ్గినాది."

ప్రతి షాటుకూ ఆమె దగ్గర ఫోటో ఉంటుందని నాకు తెలుసు. "సరి అక్కా" అన్నది. "చూసుకుంటాను." ఆ తర్వాత వాన గురించి అడిగింది. ఆ రోజు పద్దెనిమిది నిమిషాలు మాట్లాడుకున్నాము. పుస్తకంలో 1 అని రాశాను. మర్నాడు పదకొండు గంటలకు మళ్లీ వేస్తే మళ్లీ చూశాను. కాపీ సగమే ఉంది, రెండు చోట్లా.

ఇంకొక నిజమైన సున్నా వచ్చిన రోజు తప్పకుండా చెప్పి, పాతదీ ఒప్పుకుందామనుకున్నాను. అది రాలేదు. అప్పటికే తీసి ఉన్నవి అయిపోయాక, ఆమె ఫోన్ చేసినన్నాళ్లూ ఐదు వందల నాలుగు ఎపిసోడ్లు చూశాను. ఒక పదమూడు రోజులు తప్ప మిగతా నాలుగు వందల తొంభై ఒక్క రోజులూ సరిగ్గా ఒకటే తప్పు. చిన్నది, మూలన ఉండేది. ఎక్కువ సార్లు టంబ్లరే. "ఏమే, ఆ టంబ్లర్‌తో నీకేం పగ?" అనేదాన్ని. "ఆమా అక్కా, నిజమే, అది ఎంత చూసుకున్నా నాకు చిక్కదు" అనేది. ఒక్క తప్పుకు ఇదివరకు ఆరు నిమిషాలు వచ్చేది. ఇప్పుడు పదిహేను, ఇరవై వస్తోంది. అదీ రాశాను. ఎందుకని అడగలేదు.

ఆ పదమూడు రోజులు వరసగా మూడు, నాలుగు తప్పులు వచ్చాయి. "కళ్లు ఊళ్లో పెట్టి పోయినావా?" అని గట్టిగానే అన్నాను. "ఆమా అక్కా, ఈ వారం నా బుద్ధి సరిగా లేదు" అన్నది. ఆ ఎపిసోడ్లు తీసేనాటికే తను ఆసుపత్రిలో చేరిందని, ఆ మంచం మీది నుంచే మాట్లాడుతోందని చెప్పలేదు. మూత్రపిండాలు. అదీ నాకు తర్వాతే తెలిసింది.

ఒకరోజు ఎనిమిదీ ఐదుకు ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజు సరిగ్గా ఎనిమిదీ ఐదుకు మోగింది. వేరే గొంతు. సెట్టులో జుట్టు దువ్వే ఆమె. "ఈ టైముకే చేయమని చెప్పి పోయినాది" అని తమిళంలో అన్నది.

పదహారో రోజు చోళపురంలో ఆమె అన్న ఇంట్లో అన్నాలు పెట్టారు. జుట్టు దువ్వే ఆమె మద్రాసు నుంచి వచ్చింది. యాభై దాటిన మనిషి, వేళ్లకు క్లిప్పులు గుచ్చుకుని గట్టిపడిన చర్మం. చేయి కడుక్కుని నా పక్కన కూర్చుంది.

"సున్నా అక్క మీరే కదా?"

"ఏమి?"

"మేము మీకు అదే పేరు పెట్టినాము. ఆమె సీనంతా సరిచేసి పెడుతుంది. గాజులు, పూలు, అన్నీ. నేను ఒక వెంట్రుక అటు వేసినా ఒప్పుకోదు. టేక్ అనే ముందు తనే మళ్లీ పోయి, టంబ్లర్‌లో కాపీ ఒక గుక్క తాగేసి వస్తుంది. లేకుంటే తువ్వాలు కుర్చీకి ఇటుపక్క ఉన్నది అటుపక్క వేస్తుంది. రోజుకు ఒక్కటి. ఎందుకే చెడగొడతావు అని నేను తిట్టినాను."

"ఏమన్నాది?"

"ఊళ్లో ఒక అక్క ఉండాది, సున్నా అయితే ఆమెకు నాతో మాట్లాడేదానికి ఏమీ ఉండదు అన్నాది. ఒకరోజు డైరెక్టరు కనిపెట్టినాడు. అందరి ముందూ తిట్టి మధ్యాహ్నం దాకా వాకిట్లో నిలబెట్టినాడు. ఎండ. మరునాడు మళ్లీ పోయి టంబ్లర్ ఎత్తినాది. నేను ఇంకేం చెప్పేది?"

"ఎప్పటి నుంచి?"

"ఏడాదిన్నర పైన ఉంటాది. ఒక వానకాలం శనివారం పొద్దున వచ్చి, సెల్లులో ఒక ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూసినాది. అందులో కాపీ టంబ్లర్ ఉండె. నవ్వినాది. అప్పటి నుంచి."

మా ఇద్దరి మధ్య అరిటాకు మీద పాయసం చల్లారిపోయింది. జుట్టు దువ్వే ఆమె, "మీరు నొచ్చుకోకండి, ఆమె రోజులో గొంతు తడుపుకునేది ఆ ఒక్క గుక్కే" అన్నది. నన్ను ఓదార్చడానికే అన్నది.

అది విని ఇంటికి వచ్చి ఆ పుస్తకాలు బీరువాలో పెట్టేశాను. నాటకం మాత్రం చూస్తూనే ఉన్నాను. కొత్తగా ఎవరో కంటిన్యుటీ చూస్తున్నారు. వాళ్ల తప్పులు కొత్త పుస్తకంలో రాస్తున్నాను. గురువారం పూలు ఎడమ నుంచి కుడికి వచ్చినప్పుడు, అది నిజమైన తప్పు అని చూడగానే తెలిసింది. తొందరలో జరిగింది, ఎవరూ చూసుకోలేదు. దాని పక్కన ఆమె టంబ్లర్ గుర్తొచ్చింది. చేతితో ఎత్తి, ఎంత తాగాలో అంతే తాగి, అంగుళం పక్కకు జరగకుండా పెట్టిన టంబ్లర్. కావాలని చేసినదాన్ని ల్యాబులో మేము లోపం కింద వేయము. అది లెక్కలోకి రాదు.

బీరువా తీసి పాత పుస్తకాలు ముందు పెట్టుకున్నాను. ఆ పదమూడు రోజులు ఆమె సెట్టులో లేదు, అవి ఆమెవి కావు. మిగిలిన నాలుగు వందల తొంభై ఒకటీ సున్నాలే. నేను అబద్ధం చెప్పిన శుక్రవారంతో కలిపి నాలుగు వందల తొంభై రెండు. ఆరేళ్లు ల్యాబులో అడిగి, ఆ తర్వాత మద్రాసు నుంచి అడిగిన సున్నాను ఆమె అన్నిసార్లు తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఒక్కసారీ అనలేదు.

రాసిన అంకెను చెరపకూడదని మా ల్యాబు నియమం. దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, కింద పొడి సంతకం చేయాలి. ఆమెకు నేర్పింది నేనే. గురువారం ఎనిమిదీ ఐదుకు ఆ వాన శుక్రవారం పేజీ తీసి, 1 మీద గీత గీసి, 0 వేసి, సంతకం చేశాను. "సున్నా" అని పైకే అన్నాను. లోపలి నుంచి మా తమ్ముడి భార్య, "ఫోన్‌లో ఎవరు వదినా?" అని అడిగింది. ఆమె వచ్చి, పుస్తకం చూసి, టీవీ చప్పుడు తగ్గించి పోయింది. మర్నాటి నుంచి ఎనిమిది కాగానే తనే తగ్గిస్తోంది.

మిగిలిన ఒకట్లన్నీ కొట్టేసి సున్నాలు వేయడం, ఒకరోజు పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం భోజనం లోపల అయిపోయే పని. రోజుకు ఒకటే కొట్టేస్తున్నాను, నాటకం అయ్యాక. ఆదివారం లేదు. వారానికి ఆరు చొప్పున ఎనభై రెండు వారాలు వస్తుంది.